బుజ్జత్త అన్న మాట

పదకొండున్నర అవుతోంది. నాన్న తొమ్మిదికే పడుకున్నారు, నాకే నిద్ర రావడం లేదు. సాయంత్రం బుజ్జత్త ఫోన్లో అన్న మాట చెవిలోంచి పోవట్లేదు. "72 ఏళ్ళ మనిషిని కొండెక్కిస్తున్నావటే? అన్నయ్యని ఏం చేద్దామని?"

ఆ క్షణాన నోరు పెగల్లేదు. ఇప్పుడు ఎన్ని సమాధానాలు తడుతున్నాయో!

పెద్దవాళ్ళకి మనం చేసే మర్యాదంతా కుర్చీ వెయ్యడమే. చేతిలో సంచీ లాక్కుంటాం, మంచినీళ్ళు కూర్చున్నచోటికే తెచ్చిస్తాం, మెట్లు కనబడితే "మీరెందుకండీ" అంటాం. అమ్మ పోయాక ఏడాదిపాటు నేనూ అదే చేశాను. ఆయన మూడింటికే లేచి కిటికీ దగ్గర కూర్చునేవారు. అన్నం కెలికి వదిలేసేవారు. ఏమైంది నాన్నా అంటే "నీరసం" అనేవారు. దిగులు అన్న మాట ఒక్కసారి కూడా ఆయన నోట రాలేదు. అత్త దానికి పెద్దతనం అని పేరు పెట్టింది, నేను నమ్మాను. ఆ నమ్మినందుకే ఇవాళ్టికీ మనసు పీకుతోంది.

డాక్టరమ్మ అవును, కాదు అని చెప్పాల్సిన 15 ప్రశ్నలు అడిగారు. జీవితం ఖాళీగా అనిపిస్తోందా అన్న ప్రశ్న దగ్గర నాన్న వాచీ బెల్టు విప్పి మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత తలూపారు. అది దిగులేనని ఆవిడ మాత్ర రాశారు, ఆ మాత్ర ఇప్పటికీ నడుస్తోంది. గుండె డాక్టరు టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండెని చూసే పరీక్ష, చేసి సరే అన్నాకే మెట్లు మొదలుపెట్టాం. మొదట మా మూడంతస్తులు. తర్వాత సింహాచలం మెట్లదారిలో కొన్ని, మరికొన్ని. ఇప్పుడు వారానికి మూడు రోజులు పైదాకా ఎక్కుతున్నారు. దిగేటప్పుడు మోకాళ్ళ కోసం బస్సే.

ఊరికే షికారులా నడిస్తే చాలదా అని అత్త అంది. సిడ్నీలో 60 ఏళ్ళు దాటిన 60 మంది దిగులు రోగుల మీద చేసిన పరీక్ష ఒకటుంది, 2005లో వచ్చింది. 8 వారాలు కొందరి చేత బాగా బరువులు ఎత్తించారు, కొందరి చేత తేలికవి. బరువైనవి ఎత్తినవాళ్ళలో 61 శాతం మందికి దిగులు సగానికి సగం తగ్గింది. తేలికవి ఎత్తినవాళ్ళలో 29 శాతం మందికే. బరువులు వేరు, మెట్లు వేరు, నాకు తెలుసు. కానీ ఒంటికి కష్టం తెలియాలన్నది నాకు అక్కడే అర్థమైంది. మాట్లాడుతుంటే మధ్యలో ఊపిరికి ఆగాల్సి రావాలి, అదీ కొలత.

ఆ ఆయాసం నాకు కొత్తది కాదు. ఆరో తరగతిలో ఉండగా సింహాచలం కొండ చుట్టూ తిరిగే గిరి ప్రదక్షిణకి తీసుకెళ్ళారు. ఆషాఢ పున్నమికి ముందురోజు, 32 కిలోమీటర్లు. కొండ కింద మెట్లు మొదలయ్యే తొలిపావంచ దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం. హనుమంతవాక దాటేసరికి వాన పట్టుకుంది. అప్పుఘర్ దగ్గర ఎవరో మజ్జిగ గ్లాసులు అందిస్తుంటే నేను మూడు తాగాను, అమ్మ తిట్టింది. మాధవధార వచ్చేసరికి నా పాదాలు బొబ్బలెక్కి ఏడుపు లంకించుకున్నాను. నాన్న కింద కూర్చుని "ఎక్కు" అన్నారు. తడి చొక్కా లోంచి ఆయన వీపు వేడిగా తగిలేది. చెవి ఆనిస్తే గుండె ధడధడలాడేది. అమ్మ పులిహోర డబ్బా ఛాతీకి హత్తుకుని పక్కనే నడుస్తోంది. దించెయ్ నాన్నా అంటే, "మాట్లాడించకు, ఆయాసం" అన్నారు. గోపాలపట్నం దాకా దించలేదు.

ఈ పొద్దున సగం మెట్ల దగ్గర ఏదో అడగబోతే చెయ్యి అడ్డంపెట్టి "మాట్లాడించకు" అన్నారు. ఇంటికొచ్చి నాలుగు ఇడ్లీలు తిని, చట్నీ ఇంకొంచెం వెయ్యమన్నారు.

అత్తకి చెప్పాల్సింది ఇదంతా అనుకుంటూ టైపు చేస్తున్నాను. ఇక్కడిదాకా వచ్చాక మావయ్య గుర్తొచ్చాడు. ఆయన పోయింది పొద్దున నడకలోనే కదా. షుగరు ఉందని ఎవరో చెబితే మర్నాటి నుంచే ఏ పరీక్షా చేయించుకోకుండా గబగబా నడవడం మొదలుపెట్టాడు. రోడ్డు పక్కన పడిపోయాడని అత్తకి పాలబ్బాయి వచ్చి చెప్పాడు. అలాంటి అత్త నన్ను అడిగిన ప్రశ్నని నేను చాదస్తం కింద జమకట్టి ఇన్ని పేరాలు రాశాను. అది చాదస్తం కాదు. ఉన్న ఒక్క అన్నయ్య.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. మేలు చేస్తున్నది మెట్లొక్కటేనా? అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1999లో ప్రచురించిన పరీక్షలో, 50 ఏళ్ళు దాటిన 156 మంది దిగులు రోగుల్లో వ్యాయామం చేసినవాళ్ళు 16 వారాలయ్యేసరికి, దిగులుకిచ్చే సెర్ట్రలిన్ మాత్ర వేసుకున్నవాళ్ళతో సమానంగానే కోలుకున్నారు. కానీ వాళ్ళు చేసింది గుంపుగా. నాన్నకి కూడా తొలిపావంచ దగ్గర రిటైరైన లెక్కల మాస్టారు ఎదురుచూస్తుంటారు. ఆయన రాని రోజు మా నాన్న మెట్లు మెల్లిగా ఎక్కుతారు. ఇందులో ఎంత ఆయాసానిది, ఎంత మాస్టారిది, ఎంత మాత్రది అంటే నేను విడదీసి చెప్పలేను. విడదియ్యాలని కూడా లేదు.

రేపు అత్తకి నేనే ఫోన్ చేస్తాను. ముందు ఆ టీఎంటీ కాగితం ఫోటో తీసి పంపాలి, తర్వాత మావయ్య గురించి మాట్లాడాలి. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆవిడని ఎవరం కూర్చోబెట్టి అడగలేదు.

దండెం మీద నాన్న తువ్వాలు ఇంకా తడిగానే ఉంది. పొద్దుటికి ఇంకోటి తీసి పెట్టాలి.