హైవ్ వేదికపై మా గ్రంథ భాండాగారానికి నిధులు సేకరించిన అనుభవం

పురుగు తొలిచిన పాత దస్తావేజుల మరమ్మతుకు మా గ్రంథ భాండాగారంలో నిధులు చాలకపోవడంతో, వ్యాసాలకు పాఠకులు వేసే ఓట్లను బట్టి క్రిప్టోకరెన్సీ ముట్టే సామాజిక మాధ్యమాన్ని ప్రయత్నించి చూద్దామని పాలకవర్గం ముందు ప్రతిపాదించాను. ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది 2016లో మొదలైన స్టీమిట్. దాన్ని నడిపే కంపెనీ 2020లో చేతులు మారింది. దాంతో నెట్‌వర్క్‌పై పెత్తనం ఎవరిదన్న తగాదా ముదిరి, ఆ ఏడాది మార్చిలో చాలామంది సభ్యులు విడిపోయి హైవ్‌ను ఏర్పాటు చేసుకున్నారు. పదిమంది ఆస్తిని కాపాడే సంస్థకు ఒకే యజమాని గుప్పిట్లో లేని వేదికే తగినదన్న అభిప్రాయంతో మేము హైవ్ వైపు మొగ్గాము.

పాలకవర్గ సమావేశంలో ధరల హెచ్చుతగ్గుల కన్నా కీల గురించిన, అంటే ఖాతాను తెరిచే రహస్య సంకేతాల గురించిన చర్చే ఎక్కువసేపు సాగింది, అలా సాగడమే మంచిదయింది. హైవ్ ఖాతాకు వేర్వేరు అధికారాలున్న కీలు ఉంటాయి. వ్యాసాలు పెట్టడానికి, ఓటు వేయడానికి పనికొచ్చే పోస్టింగ్ కీని రాసే సిబ్బందికి ఇచ్చాము. సొమ్ము బదిలీ చేయగల యాక్టివ్ కీ కోశాధికారి దగ్గర ఉంది. అన్నింటికీ పైదైన ఓనర్ కీని కాగితంపై ముద్రించి, సీలు వేసిన కవరులో పెట్టి, దస్తావేజులతో పాటే ఇనప్పెట్టెలో భద్రపరిచాము. ఆ కీ పోతే మళ్ళీ ఇప్పించగల కార్యాలయం ఎక్కడా లేదు.

ఏం రాయాలన్నది తరువాతి ప్రశ్న. సాయం చేయమని అర్థించే వ్యాసాల కన్నా పనిని దగ్గరగా చూపించినవే పాఠకులను ఆకట్టుకున్నాయి. ఒక జమాఖర్చుల పుస్తకంలోని ఒకే ఒక్క పుటను తీసుకుని, దాని రంధ్రాల మీద జపాన్ పలుచని కాగితాన్ని అంచులు చేత్తో చింపి, నారపోగులు బయటికి కనిపించేలా అమర్చి, గోధుమ గంజితో అతికించే తీరును వరుసగా ఫొటోలు తీసి వివరించాము. కత్తెరతో కోస్తే అంచు ఎందుకు గట్టిగా తేలుతుందని ఒకరు అడగ్గా, మా మరమ్మతు నిపుణురాలు మరో వ్యాసమంత జవాబు రాశారు. అయితే ఒకసారి పెట్టిన వ్యాసాన్ని తర్వాత సవరించినా పాత ప్రతి బ్లాక్‌చెయిన్‌లో, అంటే చెరపడానికి వీల్లేని నెట్‌వర్క్ ఉమ్మడి చిట్టాలో ఉండిపోతుంది కాబట్టి, హక్కులు స్పష్టంగా లేని ఫొటోను, బతికి ఉన్నవారి సొంత వివరాలున్న పత్రాన్ని మేము దగ్గరికి రానివ్వలేదు.

ఓటు వేసే పాఠకుడి జేబులోంచి పైసా పోదు. నెట్‌వర్క్ కొత్తగా పుట్టించే నాణేల నుంచే ఆ ప్రతిఫలం వస్తుంది. 7 రోజుల తర్వాత అందులో సగం రచయితకు, సగం ఓటు వేసినవారికి చేరుతుంది. ఓటుకు బలమిచ్చే హైవ్ పవర్ రూపంలో ఎక్కువ నాణేలు కట్టిపెట్టుకున్న ఒక్కరి ఓటు వందల మంది మామూలు పాఠకుల ఓట్లను మించిపోగలదు, అలాంటివారే వ్యతిరేక ఓటు వేస్తే గడువులోగా కనిపించిన మొత్తం కరిగిపోనూవచ్చు. అందువల్ల చేతికి అందేదాకా ఏ మొత్తాన్నీ బడ్జెట్‌లో చూపకూడదని నేను పట్టుబట్టాను. బెనిఫిషియరీ సదుపాయం మాత్రం నిజంగా మేలు చేసింది. మా పత్రాల ఆధారంగా రాసిన పరిశోధకులు తమ వ్యాసపు రాబడిలో కొంత శాతం నేరుగా మా ఖాతాకు చేరేలా ముందే పెట్టగలిగారు.

అన్నిటికన్నా ఆలస్యమైంది ఆ నాణేలను మామూలు డబ్బుగా మార్చుకోవడం. ఇలాంటి నాణేలను కొని అమ్మే ఎక్స్ఛేంజీలో ఉద్యోగి పేరిట కాక సంస్థ పేరిటే ఖాతా ఉండాలన్న మా నియమం వల్ల పాలకవర్గ తీర్మానం, రిజిస్ట్రేషన్ పత్రాలు, సంతకాల ధ్రువీకరణ అన్నీ సమర్పించాల్సి వచ్చింది. ప్రతి జమకూ ఆ రోజు విలువను పుస్తకంలో రాసిపెట్టడం వల్ల ఆడిట్ సాఫీగా జరిగింది.

డాలరు విలువకు దగ్గరగా ఉండేలా రూపొందిన హైవ్ నాణెం హెచ్‌బీడీ రూపంలో వచ్చిన భాగాన్ని మరమ్మతు కాగితానికి, గంజికి ఖర్చు చేశాము. హైవ్ పవర్‌గా వచ్చిన భాగాన్ని బయటికి తీయాలంటే 13 వారాల పాటు వారవారం వాయిదాల్లోనే వస్తుంది. దాన్ని అలాగే ఉంచి, ఆ ఓటు బలాన్ని మా వ్యాసాలకు కాక ఇతర చిన్న భాండాగారాలు, మ్యూజియంలు రాసే వాటికే వాడాలని పాలకవర్గం తీర్మానించింది.