చిన్నదాని నెమలి బూట్లు

దసరా సెలవులు ఇచ్చిన మర్నాడు అటక సర్దుతుంటే పెద్దదాని తెల్ల కాన్వాస్ బూట్లు దొరికాయండి, అదే, శనివారం శనివారం వేసుకెళ్లే వైట్ షూస్. దానికి ఎప్పుడో ఇరుకైపోయాయి, చిన్నదానికి ఇప్పుడు సరిగ్గా సరిపోతాయి, సోల్ గట్టిగానే ఉంది, ఎడమకాలిది మాత్రం ముందు కాస్త నోరు తెరిచింది అంతే. నేను సంబరంగా తీసుకెళ్లి చిన్నదానికి చూపించా. అది వాటిని చూసింది, నా మొహం చూసింది, "మళ్లీ అప్పవేనా?" అంది. మా వైపు అక్కని అప్ప అంటాం లెండి.

ఏడవలేదు, పేచీ పెట్టలేదు. కానీ ఆ రెండు మాటలూ నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే నేనూ మా ఇంట్లో రెండోదాన్నే. మా అప్ప గౌన్లు, అప్ప పరికిణీలు, అప్ప పేరు కొట్టేసి కింద నా పేరు రాసిన లెక్కల పుస్తకం, అన్నీ నాకు అలాగే వచ్చాయి. మా అమ్మని తప్పుపట్టడం లేదు, ఇద్దరు పిల్లల్ని ఆ జీతంతో చదివించడం ఏటనుకున్నారు. అయినా కొత్తది అనేది ఒకటి నాకే వస్తే బాగుణ్ణని ఎన్నిసార్లు అనుకున్నానో నాకే తెలుసు.

పొద్దున్నే లేచి అడిగా, "నీకెలాంటివి కావాలే?" అని. అస్సలు ఆలోచించలేదు, "నెమలి రంగువి, మెరవాలి, సిరిమానుకి వేసుకోవాలి" అంది. అంటే మూడూ ముందే అనేసుకుని ఉంది గుంట.

బయటి ఊళ్ల వాళ్లకి చెప్తున్నా, దసరా వెళ్లాక వచ్చే మంగళవారం మా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ముందురోజు సోమవారం తొలేళ్లు. మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా సిరిమాను అనే ఆ పెద్ద చింతమాను చివర పూజారి గారు కూర్చుని మూడుసార్లు తిరుగుతారు, జనం అరటిపళ్లు విసురుతారు, ముందు పాలధార, అంజలి రథం, ఏనుగు, బెస్తవారి వల. ఊరు ఊరంతా ఆ రెండ్రోజులూ లైట్లే లైట్లు. అక్కడ మెరిసే బూట్లు వేసుకుని తిరగాలని దాని కోరిక. నాకు చేతిలో ఉన్నది పన్నెండు రోజులు.

నేను ఇంతకుముందు గాజులకీ, దీపాల ప్రమిదలకీ గ్లిట్టర్ వేశాను గానీ బూట్లకి ఎప్పుడూ వెయ్యలేదు. రెండిటికీ చాలా తేడా ఉందండి. ప్రమిద ఒకచోట కూర్చుంటుంది, బూటు వొంగుతుంది. ఈ ఒక్క విషయం నాకు ముందే తట్టి ఉంటే నాలుగు రోజులు కలిసొచ్చేవి.

ముందు గంటస్తంభం దగ్గర చెప్పులు కుట్టే తాత దగ్గరికి తీసుకెళ్లి ఎడమకాలి సోల్ అతికించి కుట్టించా, నలభై రూపాయలు తీసుకున్నాడు. రంగులు వేశాక కుట్టిస్తే సూది గుచ్చినచోటల్లా పూత లేచిపోతుంది కాబట్టి రిపేరు ఏదున్నా ముందే చేయించేసుకోండి.

తర్వాత ఉతకడం. ఇది చాలామంది పైపైన కానిచ్చేస్తారు కానీ అసలు పని ఇక్కడే ఉంది. వైట్ షూస్ అంటే ఏటి, వారం వారం తెల్ల పాలిష్ పూసి పూసి గుడ్డ మీద సున్నం కొట్టినట్టు ఒక పొర కట్టి ఉంటుంది. దాని మీద జిగురు పూస్తే జిగురు గుడ్డని పట్టుకోదు, ఆ సున్నం పొరని పట్టుకుంటుంది, నాలుగడుగులు వేసేసరికి పొరతో పాటు మెరుపంతా పెంకుల్లా ఊడొచ్చేస్తుంది. అందుకని గోరువెచ్చని నీళ్లలో బట్టల సబ్బు పొడి వేసి అరగంట నానబెట్టి, పాత టూత్ బ్రష్ పెట్టి కుట్ల సందుల్లోంచి కూడా తోమా. మొదటి నీళ్లు అచ్చం మజ్జిగలా వచ్చాయి. రెండోసారి పలచ మజ్జిగ. మూడోసారికి నీళ్లు నీళ్లలా వచ్చాయి, అప్పుడు ఆపా. పైన తెల్ల టిష్యూ పేపర్లు చుట్టి నీడలో పెట్టాలి, అలా చేస్తే గుడ్డలో మిగిలిన సబ్బు మరక ఎండేటప్పుడు పేపర్లోకి లాగేస్తుంది, లేకపోతే బూటు మీద పసుప్పచ్చగా గీతలు పడతాయి. లోపల న్యూస్ పేపర్ కుక్కా, షేపు కోసం. పూర్తిగా ఆరడానికి రెండ్రోజులు పట్టింది.

మీవి కాన్వాస్ కాకుండా రెక్సిన్ లాంటివైతే ఉతకడంతో సరిపోదు, 220 నంబరు ఉప్పుకాగితం పెట్టి ఆ నునుపు పోయేదాకా లైట్ గా రుద్ది, స్పిరిట్ లో ముంచిన దూదితో తుడిస్తేనే జిగురు పట్టుకుంటుంది.

ఇక రంగు. నెమలి రంగు అని రాసి ఉన్న సీసా ఏదీ మా ఊరి ఫ్యాన్సీ షాపుల్లో లేదు. నీలం ఒకటి, ఆకుపచ్చ ఒకటి, బంగారు రంగు ఒకటి కొన్నా. నీలం రెండు చెంచాలకి ఆకుపచ్చ ఒకటిన్నర, బంగారం చిటికెడు, ఇలా కలిపి కలిపి చూస్తే కుదిరింది. చిన్నది పక్కనే కూర్చుని ఫోన్ కెమెరా జూమ్ చేసి ఆ పొడిని చూసి "అమ్మా ఇవి పొడి కాదే, బిళ్లలు!" అంది. నిజమే, ఒక్కొక్కటీ ఆరు మూలల బిళ్ల, తేనెపట్టు గదిలాగ. పలుచటి ప్లాస్టిక్ రేకుకి అల్యూమినియం పూత, దాని మీద రంగు వేసి, అలా ఆరు మూలలుగా కోస్తే మధ్యలో రేకు వేస్ట్ అవ్వదు. అది వింటే నాకు చిన్నప్పుడు నెల్లిమర్ల దగ్గర మా అత్త వాళ్ల ఊరెళ్లినప్పుడు చంపావతి ఇసకలో నేనూ మా అప్పా ఏరుకున్న కాకిబంగారం గుర్తొచ్చింది, గోటితో గీస్తే పొరలు పొరలుగా విడిపోయేది, అగ్గిపెట్టెలో దాచుకునేవాళ్లం. అది అభ్రకం అని హైస్కూల్లో గానీ తెలీలేదు.

పూత మొదలెట్టే ముందు రబ్బరు అంచుకి చుట్టూ మాస్కింగ్ టేప్ వేశా. ముందున్న రబ్బరు టోపీని వదిలెయ్యమనే చెప్తా, రబ్బరు మీద ఈ జిగురు నిలవదు, తెల్లగా ఉంటేనే ముచ్చటగా ఉంది కూడా. లేసులు తీసేసి ఆ కన్నాల్లో అగ్గిపుల్లలు గుచ్చా, మూసుకుపోకుండా. ఫ్యాన్ ఆపెయ్యాలి, ఇది మర్చిపోకండి. అక్టోబరు ఉక్కలో ఫ్యాన్ లేకుండా కూర్చోవడం కష్టమే కానీ తిరిగిందంటే నెమలి ఇల్లంతా ఎగురుతుంది.

మొదట కుడికాలిది చేశా. మామూలు తెల్ల జిగురులో గ్లిట్టర్ కలిపి దోసెల పిండి అంత చిక్కగా చేసి ఒక్కసారే దట్టంగా పట్టించేశా, బేగా అయిపోతుందని. ఆరాక ఎంత అందంగా ఉందో, చిన్నది దాన్ని తలగడ పక్కన పెట్టుకుని పడుకుంది. పొద్దున్న వేసుకుని హాల్లో అటూ ఇటూ రెండుసార్లు నడిచిందో లేదో, వేళ్లు వొంగే చోట అడ్డంగా ఎండిన చెరువు బీట వేసినట్టు పగిలిపోయింది. దాని మొహం చూడలేకపోయా.

మళ్లీ తాత దగ్గరికే పరిగెత్తా. ఆయన బూటుని రెండు చేతుల్తో పట్టుకుని మడిచి, తెరిచి, మళ్లీ మడిచి చూశాడు. "అమ్మా, బూటు నడిచేటప్పుడు ఎక్కడ వొంగుతాదో అక్కడ పల్చగా ఉండాల. పాప కాలు లోపలెట్టి, మునివేళ్ల మీద నిలబెట్టి, గీత పడినకాడ పెన్సిలెట్టి గియ్యి, ఆ గీతకాడ ఒక్క చెయ్యే పుయ్యి" అన్నాడు. చెయ్యి అంటే ఒక పూత అన్నమాట. నేను ఇరవై వీడియోలు చూశాను గానీ ఈ మాట ఒక్కళ్లూ చెప్పలేదండి.

ఇంటికొచ్చి పగిలిందంతా గోరువెచ్చని నీళ్లతో మెత్తబెట్టి గీకేశా, నీళ్లు తగిలితే మెత్తబడిపోయే జిగురే కాబట్టి వచ్చేసింది, కానీ అదే గుణం రేపు వానలో కొంప ముంచుతుందని కూడా అప్పుడే అర్థమైంది. ఈసారి బట్టలకి వాడే ఫ్యాబ్రిక్ జిగురు కొన్నా, ఆరాక కూడా రబ్బరులా సాగుతుంది. రెండు వంతుల జిగురుకి ఒక వంతు గ్లిట్టర్, అరంగుళం బ్రష్, పల్చటి పూత, రెండు గంటలు ఆరబెట్టడం, మళ్లీ పూత. మడమ దగ్గరా పక్కలా మూడు చేతులు, పెన్సిల్ గీత దగ్గర ఒక్కటే చెయ్యి. గీత మీద తేడా కనపడకుండా చుట్టుపక్కల బ్రష్ ఆరిన కొసతో అద్దుకుంటూ పోయా. ఆఖరి పూత పచ్చిగా ఉండగానే టేప్ లాగెయ్యాలి, పూర్తిగా ఆరాక లాగితే అంచు చిరుగుతుంది. ఒక రాత్రంతా వదిలేసి, మర్నాడు పైన నీళ్లతో కలిపే క్లియర్ ఎక్రిలిక్ వార్నిష్ రెండుసార్లు పల్చగా వేశా. మా జిల్లాలో అక్టోబర్ అంటే ఎప్పుడు అల్పపీడనం అంటారో తెలీదు కదా, పై పూత లేకుండా వెయ్యకండి. లేసుల బదులు శాటిన్ రిబ్బన్.

మిగిలిన పొడి విషయం కూడా చెప్పాలి. బ్రష్, గిన్నె సింకులో కడిగెయ్యకండి, ముందు పాత న్యూస్ పేపర్ తో తుడిచి, నేల మీద పడింది టేప్ తో అద్ది తీసి, అదంతా మూటకట్టి పొడి చెత్తలో వెయ్యండి. అది చిన్న సైజు ప్లాస్టిక్కే, కాలవలోకి వెళ్తే ఎవరూ ఏరలేరు. చేతిపనులకి వాడే విడి ప్లాస్టిక్ గ్లిట్టర్ ని యూరోపియన్ యూనియన్ లో 2023 అక్టోబర్ నుంచి అమ్మకుండా ఆపారు, ఇందుకే. అలాగే పిల్లలు ఆ చేతుల్తో కళ్లు నులుముకోకుండా చూసుకోవాలి, ఆ మూలలు పదునుగా ఉంటాయి.

తొలేళ్ల రాత్రి వేసుకుంది. కోట వైపు వెళ్తుంటే సీరియల్ లైట్లు ఎర్రవైతే బూట్లు ఊదాగా, పచ్చవైతే నెమలి మెడలాగ. అది దారి చూడకుండా కాళ్లే చూసుకుంటూ నడుస్తోంది, నేను చెయ్యి పట్టుకుని లాక్కెళ్తున్నా. పెద్దది వెనకనుంచి "అమ్మా, నా నల్లవి కూడా చేస్తావా?" అని మూడుసార్లు అడిగింది. చిన్నది ఆగి వెనక్కి తిరిగి "నువ్వు వేరే రంగు వేయించుకో అప్పా, నెమలి నాది" అంది.

మంగళవారం మాత్రం వాటిని ఇంట్లోనే పెట్టించేశా, ఆ జనంలో కాలు కాలు తొక్కేస్తారు, మా తెలిసినవాళ్ల మేడ మీద నుంచి చెప్పుల్లేకుండానే అమ్మవారిని చూసి దణ్ణం పెట్టుకున్నాం.

నిన్న గంటస్తంభం వైపు పనుండి వెళ్తూ దాన్నీ, బూట్లనీ తీసుకెళ్లి తాతకి చూపించా. కళ్లజోడు పైకి తోసుకుని, బొటనవేలితో ఆ పెన్సిల్ గీత ఉన్నచోట నొక్కి వొంచి చూశాడు. పగల్లేదు. నాలుగైదు మెరుపులు ఆయన గోటికి అంటుకున్నాయి అంతే. "కుడికాల్ది బాగుంది, ఎడమదానికి ఇంకో చెయ్యి పడాలమ్మా" అని చిన్నదాని చేతికిచ్చాడు.