తుక్కు కాటా మీద తేలిన మా విమానం

నిన్న సాయంత్రం అడ్వాన్సు కట్టేశాం. సెకండ్ హ్యాండ్ పీసీ-12, ఒకే ఇంజన్ ఉన్న చిన్న విమానం.

మాది బాలానగర్‌లో హైడ్రాలిక్ పంపులు రిపేరు చేసే చిన్న కంపెనీ. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లోనో తోరణగల్లు స్టీలు ప్లాంటు వైపో మిషన్ ఆగిందంటే ఫోన్ల మీద ఫోన్లు. రాత్రంతా కారులో పోయి ఇన్నేళ్లు నెట్టుకొచ్చాం. బ్యాంకు లోను వారంలో వచ్చింది. మా లెక్కలు అంత శుభ్రంగా ఉంటాయి, చెప్పుకోవాలి మరి.

బ్రోకర్ ముందు కింగ్ ఎయిర్ బీ200 చూపించాడు. రెండు ఇంజన్లు, ఎనిమిది తోలు సీట్లు. "మీ స్థాయికి ఇదే సార్" అన్నాడు. నేను పడిపోయాను. మా బావ మాత్రం తనకు తెలిసిన ఒక రిటైర్డ్ కెప్టెన్ గారిని వెంటబెట్టుకొచ్చాడు.

ఆయన ఫొటోల వంక కూడా చూడలేదు. "ఎక్కేదెవరు?" అని అడిగి, షెడ్డులో తుక్కు తూచే కాటా మీద అందర్నీ నిలబడమన్నారు. నా బరువు 82 అని అప్పటికే రాసిచ్చాను. కాటా 97 చూపించింది. వెల్డింగ్ కుర్రాళ్లు పని ఆపి మరీ చూస్తున్నారు. "బూట్లు విప్పి ఎక్కనా కెప్టెన్ గారూ?" అన్నాను సిగ్గు లేకుండా. "బూట్లు వేరే బండిలో వస్తాయా?" అన్నారాయన. మా బావ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. తర్వాత పంపు పెట్టె ఎక్కించారు. 110.

బ్రోకర్ ఇచ్చిన వెయిట్ షీట్ (విమానం బరువుల లెక్క ఉండే కాగితం) వెనకే పెన్సిల్‌తో లెక్క కట్టారు. టేకాఫ్‌కు గరిష్ఠ బరువు 5,670 కిలోలు. ఆ విమానం ఖాళీ బరువు 3,830. ట్యాంకులు నిండితే ఇంధనం 1,650. మిగిలింది 190. "ఇద్దరు పైలట్లు కూర్చుంటే సరి. మీరు బేగంపేటలో నిలబడి చెయ్యి ఊపండి."

ఎర్రగుంట్లకు దిగాల్సిన కడప 330 కిలోమీటర్లే కాబట్టి సగం ట్యాంకుతో మనుషులు పడతారని కూడా ఆయనే చెప్పారు. మరి పెట్టె? టేపు పట్టుకుని వెళ్లి కొలిస్తే తలుపు 27 అంగుళాలు కూడా లేదు, మా పెట్టె 34. "దాన్ని లారీలో పంపండి సార్" అన్నాడు బ్రోకర్. లారీలో పంపేదానికి విమానం ఎందుకురా నాయనా!

పీసీ-12 వెనక తలుపు వెడల్పు నాలుగడుగుల పైమాటే. పెట్టె ఫోర్క్‌లిఫ్ట్‌తో నేరుగా లోపలికి పోతుంది. మీరూ కొనేటట్టయితే సీట్లు లెక్కపెట్టకండి, వెయిట్ షీట్ అడగండి. ఇంజన్ లాగ్‌బుక్కులో ఒక్క పేజీ తక్కువున్నా లేచి వచ్చేయండి. కొన్నామని ఊరంతా చెప్పకండి. ఎలక్షన్లకు కిరాయికిస్తావా అని ఒక బంధువు అప్పుడే అడిగాడు. ప్రైవేటు కేటగిరీ, అంటే సొంత వాడకానికే ఉన్న విమానాన్ని కిరాయికి తిప్పకూడదంటే, ఇవ్వడం ఇష్టం లేక చెప్తున్నానని అలిగాడు.

ఇంట్లో అమ్మ గొడవ వేరే. "ఇంజన్ ఒకటేనటగా?" అంది. "మన కారుకు ఎన్నున్నాయమ్మా?" అన్నాను. నిన్న రాత్రి నుంచి మాట్లాడటం లేదు.