సెమిలిగుడలో నాలుగు డిగ్రీలు

ఒడిశా కొండల మీద మా పెద్దమ్మ ఊరు సెమిలిగుడలో రాత్రికి నాలుగు డిగ్రీలని ఫోన్‌లో కనబడగానే విజయనగరంలో మా ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. అమ్మ అటక మీది రగ్గు దింపింది. అత్తయ్య మంకీ క్యాప్ పంపించి, "ఇంత చలిలో ఇప్పుడే వెళ్లాలా?" అని ఫోన్ చేసింది. ఇలాంటి కంగారు చూసి చలి ప్రాంతాల వాళ్లు నవ్వుతారు. నాకు ఆ నవ్వు ఎప్పుడూ న్యాయంగా అనిపించదు. వాతావరణ శాఖ కూడా అందరికీ ఒకే కొలత పెట్టలేదు. మామూలు కంటే 4.5 డిగ్రీలైనా తగ్గాలి, పైగా మైదానాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10కి దిగాలి, మామూలుగా అప్పుడు శీతల గాలులంటారు. కొండ ప్రాంతాలకైతే ఆ హద్దు సున్నా. మా తీరప్రాంతానికి మాత్రం 15 డిగ్రీలే చాలు.

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే బస్సులో కిటికీ అద్దాలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. పొట్టంగిలో దిగి టీ తాగాం. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవ్‌మాలి, 1672 మీటర్లు, ఈ చుట్టుపక్కలే. 1936 దాకా ఈ కోరాపుట్ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో భాగం. అందుకే టీ కొట్లోనూ బస్సులోనూ తెలుగు వినిపిస్తూనే ఉంటుంది.

సెమిలిగుడలో పెద్దమ్మది పెంకుటిల్లు. గోడకూ కప్పుకూ మధ్య జానెడు సందు. ఎండాకాలం ఆ సందే ప్రాణం నిలబెడుతుంది, పుష్యమాసంలో అందులోంచే చలి దిగుతుంది. మన ఇళ్లన్నీ వేడిని బయటికి పంపేందుకు కట్టుకున్నవే కదా! హీటర్లున్న చలిదేశాల్లో బయట మంచు కురుస్తున్నా ఇంట్లో స్వెట్టర్ అక్కర్లేదు. ఇక్కడ వాకిట్లో ఎంత చలో మంచం మీదా దాదాపు అంతే.

ఫోన్‌లో అంకె చూపిస్తే పెద్దమ్మ వాకిట్లోకి వెళ్లి ఆకాశం చూసింది. "మబ్బుతునక లేదురా, గాలి కూడా లేదు. తెల్లారేసరికి గడ్డి మీద మంచు పేరుకుంటుంది" అంది. ఆవిడ లెక్క సరైనదే. మబ్బు లేని, గాలి ఆడని రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది. ఫోన్‌లో చెప్పేది నేలకు దాదాపు మనిషెత్తున ఉండే గాలి సంగతి, గడ్డి దగ్గర ఇంకా తక్కువుంటుంది. పక్కింటి రైతు సాయంత్రమే టమాటా మడులకు నీళ్లు పెట్టేశాడు. తడినేల పగటి వేడిని ఎక్కువ దాచుకుని రాత్రికి మెల్లగా వదులుతుంది.

రాత్రి అందరం కుంపటి చుట్టూ కూర్చున్నాం. పడుకునే ముందు పెద్దమ్మ దాన్ని వరండాలోకి తీసుకెళ్లి పెట్టి, అప్పుడు తలుపు గడియ వేసింది. చలి హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ ఈ ఒక్క ముక్క ఇంటింటికీ చెప్పాలని నా కోరిక. మూసిన గదిలో బొగ్గుల కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పొద్దున్నే చూస్తే కళ్లంలో వరిగడ్డి మీద తెల్లగా సన్నటి పొర. గోటితో గీకితే ఉప్పుపొడిలా రాలి, వేలి మీదే కరిగిపోయింది.

సంతకు వెళ్లేసరికి కొండ మీద ఊళ్ల నుంచి ఆడవాళ్లు అప్పటికే దిగి వచ్చేశారు. చిక్కుడుకాయలు అమ్ముతున్న ఒకామెకు నూలుచీర మీద ఒక తువ్వాలు, అంతే. రాత్రి ఎలా గడిచిందమ్మా అని అడిగాను.

"మంట దగ్గరే కూర్చున్నాం బాబూ. పిల్లల్ని మధ్యలో పడుకోబెట్టుకున్నాం. రేపు కూడా ఇలాగే ఉంటదంటనా?"

ఫోన్ చూసి, ఇంకో మూడు రాత్రులు ఇలాగే ఉంటుందట అని చెప్పాను.

"అయితే మధ్యాహ్నానికే లేచిపోవాలి. పొద్దుగూకేలోగా కట్టెలు ఏరాలి" అంటూ ఆమె చిక్కుళ్ల ధర అక్కడికక్కడే తగ్గించి కేక వెయ్యడం మొదలుపెట్టింది.