మా పాట మీద మాకే కాపీరైట్ పడింది

మా చానల్‌లో మేము పెట్టిన పాట మీద మాకే కాపీరైట్ క్లెయిమ్ పడింది. పెళ్లిళ్ల సీజన్ మొదలై, పాట అప్పుడప్పుడే ఊపందుకుంటోంది. మెయిల్ తెరిచి చూస్తే, ఈ వీడియోలోని సౌండ్ రికార్డింగ్ వేరొకరిదని, ఇకమీదట యాడ్స్ డబ్బు వాళ్లకు వెళ్తుందని ఉంది. ఆ వేరొకరి పాట పేరు కూడా కిందే ఉంది. మా పాట పేరే, చివర ‘డీజే రీమిక్స్’ అని తోక తగిలించారు.

మాది కరీంనగర్‌లో ఒక చిన్న లేబుల్. లేబుల్ అనగానే పెద్దగా ఊహించుకోవద్దు, రెండు గదులు, అందులో ఒకటి స్టూడియో. జానపదాలు, బతుకమ్మ పాటలు, బోనాల పాటలు చేస్తాం. రాసే అన్నకు, ట్యూన్ కట్టే తమ్ముడికి, పాడే అక్కకు ముందే డబ్బులిస్తాం. రికార్డింగ్, మిక్సింగ్, ఊళ్లో షూటింగ్ ఖర్చులన్నీ మావే. అదంతా తిరిగి రావాలంటే యూట్యూబ్ యాడ్స్, స్ట్రీమింగ్ యాప్‌లు, కాలర్ ట్యూన్ల నుంచే రావాలి. కాపీ కొట్టడం మాకు కొత్త కాదు. క్యాసెట్ల కాలంలో కొట్టారు, ఎంపీత్రీ సీడీల కాలంలో కొట్టారు, మెమరీ కార్డు ఇస్తే మొబైల్ షాపుల్లో నిండా పాటలెక్కించి ఇచ్చిన రోజులూ చూశాం. అప్పుడు డబ్బులు పోయేవి కానీ పాట ఎవరిదని మమ్మల్ని ఎవరూ నిలదీయలేదు.

ఇది ఎలా జరిగిందో అర్థం కావడానికి కొంత టైమ్ పట్టింది. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అనే ఏర్పాటుంది. హక్కుదారు తన ఆడియో ఫైలును అందులో రిఫరెన్స్‌గా పెడితే, ఎక్కించే వీడియోలన్నిటినీ అది ఆ ఫైలుతో పోల్చి చూసి, కలిసిన చోట క్లెయిమ్ వేస్తుంది. పాటల స్టాక్ బాగా ఉన్న పెద్ద కంపెనీలకే అది నేరుగా దొరుకుతుంది. మిగతావాళ్లు డిస్ట్రిబ్యూటర్ల ద్వారా వెళ్లాలి. ఫీజు కడితే మన పాటను అన్ని యాప్‌లలోకీ ఎక్కించే కంపెనీలవి. మేము కావాలనే మా పాటలను కంటెంట్ ఐడీలో పెట్టలేదు. పెళ్లి వీడియోలు తీసేవాళ్ల మీద, బతుకమ్మ ఆడి ఫోన్‌లో తీసి పెట్టుకునేవాళ్ల మీద క్లెయిములు పడితే పాట పాకదు. వాళ్లు వాడుకుంటేనే పాట నాలుగు ఊళ్లకు పోతుంది. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

ఒకాయన మా పాట తీసుకుని, బేస్ పెంచి, మధ్యలో తీన్‌మార్ బీట్ కలిపి, అలాంటి ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర తన సొంత పాటగా ఎక్కించాడు. కంటెంట్ ఐడీ కావాలా అని అడిగిన చోట టిక్ పెట్టాడు. అందులో ఉన్నది మా సింగర్ గొంతే కాబట్టి అది మా వీడియోతో కలిసింది. ముందు ఎవరు రికార్డు చేశారన్నది అక్కడ లెక్కలోకి రాదు, రిఫరెన్స్‌గా ఎవరి ఫైలు ఉందన్నదే చూస్తుంది.

డిస్ప్యూట్, అంటే ఈ క్లెయిమ్ తప్పని యూట్యూబ్‌లో అభ్యంతరం, వేయడం పెద్ద పని కాదు, కానీ తొందరగా వేయాలి. క్లెయిమ్ పడిన 5 రోజుల్లోపు వేస్తే మొదటి రోజు నుంచి వచ్చిన డబ్బును యూట్యూబ్ ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెడుతుంది. ఆలస్యమైతే, మనం వేసిన రోజు నుంచి వచ్చిందే ఆగుతుంది. సీజన్ పాటకు ఆ నాలుగు రోజుల డబ్బే ఎక్కువ. మేము ఆ రాత్రే వేశాం. జవాబివ్వడానికి అవతలివాళ్లకు 30 రోజుల గడువుంటుంది. మా డిస్ప్యూట్‌ను తిరస్కరించారు. ఎందుకో ఒక్క ముక్క కూడా రాయలేదు.

ఇక మిగిలింది అప్పీలు. అసలు టెన్షన్ ఇక్కడ మొదలైంది. అప్పీలు చేస్తే అవతలివాళ్లకు 7 రోజులుంటాయి. ఈలోపు క్లెయిమ్ వదులుకోవచ్చు, లేదంటే వీడియోనే తీసేయమని నోటీసు ఇవ్వచ్చు. నోటీసు ఇస్తే మన చానల్ మీద స్ట్రైక్, అంటే కాపీరైట్ తప్పు చేసినట్టు ఒక గుర్తు, పడుతుంది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే చానల్‌కే మూత పడే ప్రమాదం. ఏళ్ల తరబడి పెట్టిన పాటలన్నీ ఆ ఒక్క చానల్‌లోనే ఉన్నాయి మరి. అందుకే అప్పీలు బటన్ నొక్కే ముందు కాగితాలు పట్టుకుని లాయర్ సారు దగ్గరికి వెళ్లాను.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ‘ఇందులో అసలు మీది ఏది?’ అని. నాకు కోపం వచ్చింది కానీ ప్రశ్న సరైనదే. మా పాట పల్లవి నాట్లేసేటప్పుడు ఆడవాళ్లు పాడుకునేది. దాన్ని ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు, ఎవరైనా పాడుకోవచ్చు. చరణాలు మా రచయిత కొత్తగా రాసినవి. అవి ఆయన మాకు రాసిచ్చిన మేరకే మావి. రికార్డింగ్ మాత్రం పూర్తిగా మాదే. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్‌కు కర్త దాని నిర్మాతే, అంటే పూనుకుని, బాధ్యత తీసుకుని రికార్డు చేయించినవాళ్లు. విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. సెక్షన్ 14లో ఇంకో మాట కూడా ఉంది. ఒక రికార్డింగ్‌ను తీసుకుని దానితో ఇంకో రికార్డింగ్ తయారుచేసే హక్కు కూడా అసలు రికార్డింగ్ హక్కుదారుదే. రీమిక్స్ పీక దొరికింది ఇక్కడే. అతను ఆ పల్లవిని తన మనుషులతో పాడించుకుని ఉంటే మేము నోరెత్తడానికి ఏమీ లేదు.

తర్వాత రచయితతో చేసుకున్న అగ్రిమెంటు తీశాం. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అని, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే అని చట్టం అనుకుంటుంది. మా కాగితంలో రెండూ రాసి ఉన్నాయి. ‘అయినా రచయిత రాయల్టీ వాటాను ఏ కాగితంతోనూ తీసేయలేరు, 2012 సవరణలో పెట్టారు’ అని సారు అనగానే, అప్పటిదాకా మూలన కూర్చుని ఫోన్ చూసుకుంటున్న మా రచయిత అన్న ఫోన్ పక్కన పెట్టి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆయన్ను ఆ తర్వాత ఐపీఆర్ఎస్‌లో మెంబర్‌గా చేరమని నేనే చెప్పాను. పాటల రచయితలకు, సంగీతం చేసేవాళ్లకు రాయల్టీ వసూలు చేసిపెట్టే సొసైటీ అది.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం మా స్టూడియో కంప్యూటర్‌లోనే ఉంది. పాట ప్రాజెక్ట్ ఫైల్లో డప్పు, కోరస్, మెయిన్ గొంతు దేనికది విడివిడి ట్రాకులు. గొంతు అసలు ట్రాకు ఉండేది రికార్డు చేసినవాళ్ల దగ్గరే. ఆ రీమిక్స్‌లో గొంతును సాఫ్ట్‌వేర్‌తో విడదీసుకున్నారు కాబట్టి, దాని వెనక మా డప్పు సన్నగా మోగుతూనే ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఎవరికైనా తెలిసిపోతుంది.

అప్పీలు వేస్తూనే డిస్ట్రిబ్యూటర్‌కు నేరుగా రాశాం. వాళ్ల హెల్ప్ చాట్‌లో ఏది అడిగినా ఒకటే పాఠం. సైట్ అడుగున కాపీరైట్ ఫిర్యాదుల మెయిల్ అడ్రస్ వేరుగా ఉంటుంది, దానికి పంపాలి. కంపెనీ బయటి దేశంది కాబట్టి ఆన్‌లైన్ కాపీల మీద ఉన్న అమెరికా కాపీరైట్ చట్టం డీఎంసీఏ పద్ధతిలో నోటీసు రాశాం. మా పాట ఏది, కాపీ ఎక్కడుంది, లింకులు, మా వివరాలు, చెప్పింది నిజమన్న హామీ, సంతకం. దానికి మా విడుదల తేదీ, ఆ రికార్డింగ్‌కు గుర్తింపుగా ఉండే 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్, అగ్రిమెంట్ల కాపీలు, విడి గొంతు ట్రాక్ ముక్క జోడించాం. ఇది పనిచేసింది. రీమిక్స్‌ను యాప్‌లన్నిటి నుంచీ తీసేశారు, అప్పీలు గడువు ముగియకముందే మా వీడియో మీద క్లెయిమ్ ఎత్తేశారు. పక్కన పెట్టిన డబ్బు మాకు వచ్చింది. మరి ఆ రీమిక్స్ యాప్‌లలో సంపాదించింది? అది మీరూ మీరూ తేల్చుకోండి అన్నారు.

రీమిక్స్ పోయాక ఆ డీజే నుంచి ఫోన్ వచ్చింది. పక్క మండలం కుర్రాడే.

‘అన్నా, గది మా అమ్మమ్మ పాడిన పాట. మీదెట్లయితది?’

‘పాట మీ అమ్మమ్మదే తమ్మీ. నువ్వు పెట్టింది మా అక్క గొంతు.’

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘మరి పెళ్లిళ్లల్ల కొట్టుడు గూడ బందేనా?’ అన్నాడు. అది బంద్ కాదు. పెళ్లి ఊరేగింపులోనూ, పెళ్లికి సంబంధించిన వేడుకల్లోనూ రికార్డింగ్ వినిపిస్తే ఉల్లంఘన కాదని సెక్షన్ 52 చెబుతోంది. బరాత్‌లో తెల్లారేదాకా కొట్టుకోమన్నాను. మా పాటను తన పేరు మీద యాప్‌లలో పెట్టి, మళ్లీ మా మీదే క్లెయిమ్ వేయడంతోనే నా పేచీ. ఆ టిక్ పెడితే ఇంత జరుగుతుందని తెలియదన్నాడు. నమ్మాను.

మిగతా కాపీల సంగతి ఇంత తేలిగ్గా ముగియలేదు. మా వీడియోను ఉన్నదున్నట్టు మళ్లీ ఎక్కించిన చానళ్ల మీద యూట్యూబ్ ఫారంలో ఫిర్యాదు పెట్టాం. అందులో 7 రోజుల గడువిచ్చే పద్ధతి ఉంది. ఈలోపు వాళ్లే తీసేస్తే స్ట్రైక్ పడదు. చిన్న చానళ్లకు మేము అదే వాడాం, చాలామంది తీసేశారు. ఒకతను మాత్రం తీసేసింది తప్పని యూట్యూబ్‌కు ఎదురు నోటీసు వేశాడు. అలా వేస్తే, కోర్టుకు వెళ్లినట్టు 10 పనిదినాల్లో మనం ఆధారం చూపాలి, లేదంటే వీడియో తిరిగి వచ్చేస్తుంది. సెక్షన్ 62 ప్రకారం మన వ్యాపారం ఉన్న జిల్లా కోర్టులోనే దావా వేయవచ్చు కాబట్టి ఢిల్లీకో బొంబాయికో పరుగెత్తాల్సిన పని లేదు. కానీ ఫీజులు లెక్కేస్తే ఆ కాపీ వల్ల మాకు పోతున్న దానికంటే ఎక్కువ. వదిలేశాం. ఆ వీడియో ఇంకా అక్కడే ఉంది.

ఎంపీత్రీ డౌన్‌లోడ్ సైట్లు ఇంకో రకం. నోటీసు అందిన 36 గంటల్లో లింకు ఆపాలని, 21 రోజుల్లో కోర్టు ఆర్డరు చూపకపోతే తిరిగి తెరవవచ్చని మన కాపీరైట్ నిబంధనల్లో ఉంది. నోటీసు పంపడానికి అడ్రస్ ఉంటే కదా! గూగుల్‌కు ఫిర్యాదు పెట్టి, వెతికితే ఆ పేజీలు కనపడకుండా చేయించుకున్నాం. అంతవరకే.

ఇప్పుడు పాటను కాపీరైట్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తున్నాం. తప్పనిసరి కాదు, హక్కు దాని వల్ల పుట్టదు. కోర్టులో మాత్రం ఆ సర్టిఫికెట్‌ను ముందు నిజమని తీసుకుని, కాదని రుజువు చేసే బాధ్యత అవతలివాళ్ల మీద పెడతారు. ఆన్‌లైన్‌లో ఫారం 14, సౌండ్ రికార్డింగ్‌కు ఫీజు 2,000 రూపాయలు, సాహిత్యానికి విడిగా 500. దరఖాస్తుకు ఇచ్చే డైరీ నంబర్ వచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి, పరిశీలన ఆ తర్వాతే.

డీజే తమ్ముడితో కూడా ఒక కాగితం రాసుకున్నాం. రీమిక్స్ మళ్లీ చేస్తాడు, ఈసారి విడి ట్రాకులు మేమే ఇస్తాం, విడుదల మా చానల్‌లో, పేరు అతనిది కూడా వేస్తాం. సంతకాల దగ్గరికి వచ్చేసరికి మా రచయిత అన్న పెన్ను పట్టుకుని ఆగాడు, తన వాటా ఎంతో ముందు రాయమన్నాడు. రాశాం.