వెల్లంపల్లి నుంచి తిరుగు బస్సులో

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఎక్స్‌ప్రెస్‌లో నిలబడే వచ్చాను. ఆడవాళ్ళకి టిక్కెట్టు తీసేశాక మగవాడికి సీటు గగనమైపోయింది, ఛార్జీ మాత్రం పైసా తగ్గలేదు. ఆ విసుగు సరిపోనట్టు, ఒంగోల్లో ఒక చర్చి గేటుకి క్రిస్మస్ ఫ్లెక్సీ కనిపించింది. పశువుల తొట్టిలో బాలయేసు అరచెయ్యంత. పక్కన లోకల్ నాయకుడు నిలువెత్తు, చేతులు జోడించి.

ఆ కోపంతోనే మేదరమెట్ల వైపు పోయే పల్లెవెలుగు ఎక్కి వెల్లంపల్లిలో దిగాను. గుండ్లకమ్మ దగ్గర చూడ్డానికి పెద్దగా ఏం లేదు. 1878 జులై 3న ఈ ఏట్లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మా బాప్తిస్టు ఇళ్ళలో పిల్లలకి ఎక్కాలతో పాటు నేర్పుతారు. దాని ముందు సంగతే ఎవరూ చెప్పరు. 1876-78 నాటి ధాత కరువులో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవలో కొంత తవ్వకం సర్కారు దగ్గర కంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చిన వాళ్ళకి పని ఇచ్చాడు. వాళ్ళలో చాలామంది బాప్తిస్మం అడిగారు. కరువు కూలి నడుస్తున్నన్నాళ్ళూ ఇవ్వనన్నాడు. ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారనే మాట పడకూడదని.

తిరుగు బస్సులో పక్క సీటు పెద్దమ్మకి ఇదంతా చెప్పి, ఫ్లెక్సీ మీద కోపం కూడా వెళ్ళగక్కాను. ఒళ్ళో బైబిలు సర్దుకుని అందుకుంది.

“అయితే గవర్నమెంటోళ్ళు మన పాస్టరు అయ్యగార్లకి నెలకి ఐదేలు పెట్టడం కూడా తప్పేనా నాయనా? గుళ్ళకి ఇయ్యట్లా?”

“గుడికి ఇస్తున్నారా, గుడిది తీసుకుంటున్నారా? హుండీ తెరవాలంటే దేవాదాయ శాఖ వాళ్ళు రావాల్సిందే. మా వీధి పూజారి గారి గోడు వింటే తెలుస్తది. రేపు మనకీ అంతే.”

“మనోళ్ళు నలుగురే గదా. సర్కారు అండ లేకపోతే ఎట్టా?”

నలుగురే కాబట్టే వద్దంటున్నా. అమెరికాలో డాన్‌బరీ బాప్తిస్టులూ తక్కువమందే. వాళ్ళ కనెక్టికట్ రాష్ట్రంలో సర్కారు చర్చి వేరే ఉండేది. ఆరాధన మాకు హక్కుగా కాదు, దయగా దొరుకుతోందని 1801లో అధ్యక్షుడు జెఫర్సన్‌కి రాసుకున్నారు. మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ అన్న మాట 1802 జనవరి 1న ఆయన రాసిన జవాబులోదే. నాస్తికులు కాదు, మోకాళ్ళ మీద ప్రార్థించేవాళ్ళే దాన్ని కోరుకున్నారు. మన రాజ్యాంగం 27వ అధికరణం కూడా ఫలానా మతాన్ని పెంచడానికే వాడే పన్ను కట్టమని ఎవరినీ బలవంతం చేయకూడదంటుంది. ఐదు వేలు ఇచ్చేవాడు ఊరికే ఇస్తాడా?

పెద్దమ్మ గొంతు తగ్గించింది. “ఊరికే ఎందుకిస్తాడు? మొన్న ఎలక్షన్లప్పుడు మా అయ్యగారు ఆయన పేరెత్తి అరగంట ప్రార్థన చేశాడు. మా మనవడు ఆసుపత్రిలో ఉంటే మాత్రం రెండే ముక్కలు.”

కాసేపాగి మళ్ళీ తనే అంది. “అసలు పిల్లోడి సర్టిఫికెట్లో మేం హిందువులమే. ఎస్సీ పోద్దని.”

1950 నాటి ఉత్తర్వు అది. క్రైస్తవుడని రాసుకుంటే ఎస్సీ హోదా పోతుంది. దేవుడి కోసం సర్కారు కాగితంలో ఒక గడి పెట్టాక, నిజం చెప్పినవాడికే నష్టం. నేను ఏం చెప్పాలో ఆలోచిస్తుండగానే బస్సు త్రోవగుంట చేరింది.

“ఆదివారం మా ఊరొచ్చి ఈ మాటలన్నీ అయ్యగారికి నువ్వే చెప్పు నాయనా,” అంది దిగుతూ. “నేను చెప్తే స్త్రీల సమాజం పద్దు పుస్తకం నా చేతిలోంచి లాక్కుంటాడు.”