షోపాన్ ఈ మైనర్ (E minor) ప్రెల్యూడ్: నాలుగో వారం

పియానో మీద నేను సాధన చేస్తున్న ఈ చిన్న రచన, షోపాన్ ఓపస్ 28 అనే ప్రెల్యూడ్‌ల సంపుటిలో నాలుగోది. 1839లో అచ్చయింది. మొత్తం 25 బార్లే (బార్ అంటే మన ఆవర్తం లాంటిది), నోట్లు పట్టుబడడానికి నాకు మూడు రోజులు చాలాయి. మిగతా రోజులన్నీ టెంపోకే, అంటే వేగం కుదరడానికే పోయాయి.

పైన ‘లార్గో’ అని ఉంది. లార్గో అంటే బాగా నెమ్మది కదా అని మెట్రోనోమ్‌ని (లయ కొట్టే యంత్రం) నిమిషానికి 40 క్లిక్‌లకు పెట్టి, క్లిక్‌కి ఒక క్వార్టర్ నోట్ (బార్‌లో నాలుగో వంతు) చొప్పున మొదలుపెట్టాను. బార్‌కి 6 సెకన్లు, మొత్తం రెండున్నర నిమిషాలు. కుడి చేతిలో బీ (B) స్వరం మూడు లెక్కలు నిలిచి, దాని పై స్వరం సీ (C) ఒక లెక్క మోగి, మళ్ళీ బీకి వస్తుంది. ఈ వేగంలో ఆ బీ నాలుగున్నర సెకన్లు నిలవాలి. పియానోలో మీట నొక్కిన క్షణం నుంచే శబ్దం సన్నబడుతుంది. సీ వచ్చేసరికి బీ దాదాపు ఆరిపోయి ఉండేది. ఒక నిట్టూర్పులా వినిపించాల్సిన రెండు నోట్లు విడివిడిగా రాలిపడ్డాయి. 1849లో షోపాన్ అంత్యక్రియల్లో దీన్ని ఆర్గన్ మీద వాయించారు. ఆర్గన్‌లో నొక్కి ఉంచినంతసేపూ స్వరం నిండుగా ఉంటుంది. మనకు ఆ వెసులుబాటు లేదు.

రెండో వారంలో గానీ నా కళ్ళకు ఆనలేదు, మొదట్లో తాళం చెప్పే ‘C’ ఆకారపు గుర్తుకి నిలువు గీత ఉందని. అంటే బార్‌కి రెండే లెక్కలు, హాఫ్ నోట్‌కి (సగం బార్‌కి) ఒకటి. షోపాన్ మెట్రోనోమ్ అంకె ఇవ్వలేదు కాబట్టి అంకె మనమే వెతుక్కోవాలి. హాఫ్ నోట్ 40 పెడితే హడావిడిగా ఉంది, 28కి సాగింది, 32 దగ్గర కుదిరింది. ఇప్పుడు బీ మూడు సెకన్లలోపే సీని అందుకుంటోంది. ఇప్పటికీ నెమ్మదే, కానీ ఊపిరి ఆడుతోంది. మునుపు ఏడుపులా ఉన్నది ఇప్పుడు దిగమింగుకున్న దుఃఖంలా ఉంది. నాకు ఇదే నిజమనిపిస్తుంది.

ఎడమ చేతికి ఒక చిట్కా. రాసినట్టు బార్‌కి ఎనిమిదేసి సార్లు కొట్టకుండా, కార్డ్ (chord, కలిపి మోగే స్వరాల గుంపు) మారిన ప్రతిచోటా ఒక్కసారి నొక్కి పట్టుకుని మొత్తం వాయించాను. చాలాచోట్ల ఒక్క వేలే కిందికి జరుగుతుంది, మిగతావి కదలవు. జరిగే ఆ వేలిని కాస్త బరువుగా, మిగతావాటిని మీట మీద నుంచి లేపకుండా వాయిస్తే దిగుడు వినిపిస్తుంది. స్వరాలను మోగనిచ్చే కాలి పెడల్‌ని కార్డ్ మారినప్పుడల్లా వదిలి మళ్ళీ నొక్కాల్సిందే.

శ్రుతి సంగతి కూడా ఈ దిగుడులోనే ఉంది. ఈ (E) స్వరాన్ని షడ్జమంగా తీసుకుని డీ షార్ప్ కలిపితే మన కీరవాణి స్వరాలే. కానీ మొదటి కార్డ్‌లో అడుగున ఈ (E) ఉండదు, జీ (G) ఉంటుంది. ఆధార స్వరం మీద స్థిరంగా నిలబడిన ఈ (E) మైనర్ కార్డ్ చిట్టచివరి బార్‌లోనే దొరుకుతుంది. అంతసేపూ కాలు నేలకానని భావం అందుకే. అది తెలిశాక చివరి మూడు కార్డ్‌లను వాయించే తీరే మారింది, తొందర పోయింది.

ఇంకా కుదరనిది 16వ బార్ దగ్గరి ‘స్ట్రెట్టో’, అంటే వేగం పెంచమనే సూచన. అక్కడ వేగంతోపాటు ఎడమ చేతి బరువూ పెరిగి పాటను మింగేస్తోంది. ఈ వారం 16 నుంచి 18 వరకు మాత్రమే, ముందు వేగం పెంచకుండా శబ్దం పెంచి, తర్వాత శబ్దం పెంచకుండా వేగం పెంచి, రోజుకి పదేసి సార్లు. ఆదివారం రెండూ కలిపి రికార్డ్ చేస్తాను.